అరివేణి కుండలో ఎర్రనీళ్ళు

గద్దముక్కు కనుమ దాటి చివరి మలుపు తిరగగానే యువరాజు అంశుధరుడు ఆగిపోయాడు. భుజాన గాజుల మలారం, చేతిలో వెదురుకర్ర, ఆ కర్ర బోలులో దాచిన కత్తి. రాజధాని వదిలినప్పటి నుంచి అతను గాజుల సెట్టి. ఎక్కడా నిలవకుండా నడిచివచ్చిన ఆ సెట్టికి ఇప్పుడు కాళ్ళు కదలలేదు.

కింద ఉండవలసిన లోయ అక్కడ లేదు.

కనకశృంగ రాజ్యానికి అన్నం పెట్టిన లోయ అది. అతని తాతగారు నీలవేణి నదికి మూడు మట్టికట్టలు పోయించారు. కొండల్లో ఎగువకట్ట, మధ్యలో నడిమికట్ట, రాజధాని నెత్తిన రాజకట్ట. ఎగువకట్ట కింద వరిమళ్ళు మెట్లు మెట్లుగా దిగేవని, సాయంత్రం కొంగల బారు వాలితే పచ్చని పట్టుచీరకు వెండి అంచు కుట్టినట్టుండేదని, గానుగల పొగ బెల్లం వాసనతో ఊళ్ళ మీద పందిరి వేసేదని ఆస్థాన కవులు పాడగా అతను విన్నాడు. ఇప్పుడక్కడ కనుచూపు మేర బూడిదరంగు ఇసుక పరుచుకుని ఉంది. వేళ్ళు ఆకాశానికి ఎత్తి తలకిందులుగా పాతుకున్న మామిడిచెట్లు ఉన్నాయి. కడుపులు నిండి ఎగరలేక నడుస్తున్న రాబందులు ఉన్నాయి. ఇల్లు లేని ఒక గుమ్మం మాత్రం ఒంటరిగా నిలబడి ఉంది. దాని తలుపు మూసే ఉంది, గడపకు పసుపు ఉంది, తోరణంలో మామిడాకులు ఎండి గలగలమంటున్నాయి.

నెల కిందట ఎగువకట్ట తెగింది. లోయలో జనం చేసిన పాపానికి గంగమ్మ కోపించిందని, వాళ్ళకు నిప్పూ నీళ్ళూ ఇచ్చిన ఊరిని కూడా ఆ శాపం తాకుతుందని ఎవరో తపస్వి రాజుగారికి కబురు పంపాడు. రాజుగారు నమ్మి దండోరా వేయించారు. కొడుకు నమ్మలేదు. మూడు కట్టల పునాదుల్లో తాతగారు మూడు జలమణులు పాతించారని, మూడూ ఒక్క చేతిలో పడితే నదులు ఆ చేయి చూపిన వైపు నడుస్తాయని రాజకుటుంబానికి తప్ప ఇంకెవరికీ తెలియదు. నిన్న కనుమలో అంశుధరుణ్ణి అటకాయించిన పిశాచం, కత్తివేటుకు కూలుతూ ఒక్క మాట వదిలింది. మొదటి మణి మాంత్రికుడు ధూమ్రకేశుడికి చేరిందట.

లోయ అంచున ఒక దిబ్బ మీద పొగ కనిపించి అంశుధరుడు అటు దిగాడు.

నాలుగూళ్ళలో మిగిలిన వాళ్ళు ఆ దిబ్బ మీద ఒకే పొయ్యి చుట్టూ కూర్చుని ఉన్నారు. గాజుల చప్పుడు వినగానే ఆడవాళ్ళు తలలు తిప్పుకున్నారు. మలారం దింపబోయిన అంశుధరుడు వాళ్ళ మణికట్ల వైపు చూసి, దించకుండానే నిలబడిపోయాడు.

ఒక నడివయసు దాటిన మనిషి లేచి వచ్చింది. పొడుగ్గా, ఎండిన కంది కట్టెలా ఉంది. పేరు ఓబులమ్మ, ఊరు తంగేడుపల్లె అని తర్వాత తెలిసింది.

"దారి తప్పావు సెట్టీ," అంది ఆమె. "ఈ దిబ్బ మీద గాజులేయించుకునే చేతుల్లేవు నాయనా."

అతను దాహమన్నాడు. ఆమె పక్కన ముగ్గు గీతలతో ఒక అరివేణి కుండ ఉంది. అతని చూపు దాని మీద పడగానే ఆమె దాన్ని ఒడిలోకి లాక్కుంది. బావులన్నీ ఒండ్రుతో పూడిపోయాయని, కొండ చెలమలో నీళ్ళు ఊరడానికి పూట పడుతుందని చెప్పి, ఎవరి వంతు నీళ్ళో ఒక దోసెడు తెచ్చి ఇచ్చింది.

ఆమె మాటల్లో అసలు కష్టం నీళ్ళు పోయాక మొదలైంది. ఇసుక కింద ఎవరి పొలం ఎక్కడుందో తెలియదు. గట్టురాళ్ళు కొట్టుకుపోయాయి. అన్నదమ్ములిద్దరు బతికితే, పక్కపక్కన కూర్చుని తమ చేను ఇక్కడంటే ఇక్కడని వేళ్ళు చూపించుకుంటున్నారు. విత్తనం గింజ లేదు. ఉన్నా దున్నడానికి ఎద్దు లేదు. చనిపోయిన వాళ్ళను పూడ్చడానికి బతికినవాళ్ళ చేతులు చాల్లేదు. సాయానికి దిగువనున్న గోరింటపాడు దాకా పోతే దండోరా పేరు చెప్పి రాళ్ళతో కొట్టారు. మొన్న వానకు దిబ్బ మీద అందరూ లేచి నిలబడి, వాన వెలిసేదాకా కూర్చోలేదు.

"ఆ కుండేమిటి?" అని అడిగాడు అంశుధరుడు.

అది ఆమె కూతురి పెళ్ళికుండ. ఆ లోయలో ఒక ఆచారం ఉంది. ఏ ఇంట పెళ్ళి జరిగినా ముందు కట్ట మీదికి వెళ్ళి చెరువులో పసుపు కుంకుమ వదులుతారు. కట్ట అడుగున, రాళ్ళ సందుల్లోంచి సన్నని ఊట ఒకటి ఏడాది పొడుగునా కారుతూ ఉంటుంది. పెళ్ళికూతురు ఆ ఊట కింద అరివేణి కుండ నింపుకుంటుంది. ఎప్పుడూ తేటగా వచ్చే ఆ నీరు ఈసారి ఎర్రగా వచ్చింది. కట్ట మీద కొత్తగా కుటీరం వేసుకున్న స్వామి, ఇన్నాళ్ళూ మీరిచ్చిన కుంకుమ గంగమ్మ తిరిగి ఇస్తోంది, ఇంత అదృష్టం ఏ తరానికీ పట్టలేదన్నాడు. నాలుగూళ్ళ పెళ్ళిళ్ళూ కట్ట కిందికే తెచ్చుకున్నారు. ఊట వేలెడు లావు నుంచి చెయ్యంత లావైతే ఇంకా సంబరపడ్డారు. తలంబ్రాల వేళ పందిటికి నేరేడుకొమ్మ తక్కువైందని ఓబులమ్మ దిబ్బ ఎక్కింది. కొమ్మ విరిచి వెనక్కి తిరిగేసరికి కింద పందిరి లేదు. దిబ్బ వాలులో కుండ ఒక్కటి పగలకుండా ఆగింది.

అంశుధరుడు కుండ మీది మూకుడు తీయమన్నాడు. పైన నీరు అద్దంలా తేరుకుని ఉంది. అడుగున బెత్తెడు ఎర్రమన్ను. అతను చేయి ముంచి పిడికెడు తీసి అరచేతిలో నలిపాడు. మన్నులో నల్లబడిన ఊక ఉంది.

చిన్నప్పుడు రాజకట్టకు మరమ్మతు జరిగినప్పుడు తాతగారు అతన్ని కూలీల పక్కన బురదలో దింపి తొక్కించారు. ఎర్రమన్ను, వరి ఊక కలిపి ఎద్దులతో తొక్కించి పోసేదే కట్ట గుండె. పైన ఎక్కడా ఊక కనిపించదు. కట్ట లోపల ఉంటుంది.

"అమ్మా, ఇది కుంకుమ కాదు," అన్నాడు మెల్లగా. "మీ కట్ట పేగులు. ఎవరో లోపల తవ్వారు. తవ్విన మన్నే మీ కుండల్లోకి వచ్చింది."

 ఓబులమ్మ కుండ చంకన పెట్టుకుని లేచింది. గోరింటపాడు నుంచి దెబ్బలు తిని వచ్చినవాళ్ళు ఒక సంగతి చెప్పారట. అక్కడ నడిమికట్ట మీద కూడా కొత్తగా ఒక స్వామి కుటీరం వేశాడు, కట్ట కింద ఎర్రనీళ్ళు పడ్డాయి. రేపు గోధూళి వేళకు ఊరందరి పెళ్ళిళ్ళూ ఆ ఊట దగ్గరే.

నువ్వు రావద్దు, నిన్ను చూస్తే రాళ్ళు వేస్తారన్నాడు అంశుధరుడు.

"రాళ్ళేగా," అంది ఓబులమ్మ. "నీళ్ళు కాదుగా."

కొండదారిన పోతే రెండు పగళ్ళు పడుతుంది. ఓబులమ్మ దిబ్బ దిగి, ఇసుకలో ఒంటరిగా నిలబడ్డ ఆ గుమ్మం దగ్గరకు నడిచింది. తలుపు మీద చేయి వేసి ఒక్క క్షణం ఆగి, ఊడదీయమంది. అది ఆమె ఇల్లే. ఆ టేకు తలుపును నదిలోకి తోసి ఇద్దరూ ఎక్కారు.

గండి పడిన నదికి ఒడ్డు లేదు, ఒద్దిక లేదు. సుడులు తలుపును గిరగిర తిప్పాయి. మునిగిన చింతతోపులో కొమ్మలు ముఖాలను చీరాయి. తోపు దాటుతుండగా నీటిలోంచి ఒక ముసలి మొసలి లేచి తలుపు అంచును కరిచి పట్టింది. దాని నుదుట ధూమ్రకేశుడి విభూతి ముద్ర పొగలు కక్కుతోంది. తలుపు ఒరిగిపోతూ ఉంటే అంశుధరుడు వెదురుకర్ర విరిచి కత్తి దూశాడు. మొదటి వేటు పొలుసుల మీద జారింది. రెండో వేటు ఆ ముద్రను చీల్చింది. మొసలి ఉన్నట్టుండి ఎండుదుంగగా మారి మునిగిపోయింది.

ఓబులమ్మ కుండను వదల్లేదు. కత్తి పిడి మీది రాజముద్రను చూసింది.

"ఎవరి బిడ్డవు?"

అతను చెప్పాడు.

"మాకు నిప్పు ఇవ్వొద్దన్నది మీ నాయనే కదా," అంది ఆమె. అందులో కోపం లేదు. అతను కత్తిని పైపంచెలో చుట్టి మలారం కింద దాచాడు. 

మర్నాడు ఎండ వాలే వేళకు వాళ్ళు నడిమికట్ట చెరువులోకి తేలారు. నీరు కట్ట అంచుకు జానెడు దిగువన నిలిచి ఉంది. అలుగు మీంచి పొర్లుతున్నా తగ్గడం లేదు. పైలోయలో మునిగిన ఊళ్ళన్నీ అక్కడికే చేరాయి. ఉయ్యాల తొట్లు, నాగళ్ళు, ఇంటి కప్పులు, ఎవరిదో తులసికోట కట్టకు ఒరుసుకుని ఊగుతున్నాయి. గోరింటపాటి వాళ్ళు కొందరు వాటిలో మంచి దూలాలు ఏరి ఒడ్డున పేర్చుకున్నారు. పెళ్ళిపందిళ్ళు ఆ దూలాలతోనే వేశారు.

కట్ట కింద వేడుక కన్నుల పండువుగా ఉంది. అరటిబోదెలు, మల్లెచెండ్లు, పసుపు దంచే రోళ్ళు, సన్నాయి మేళం. గాజుల సెట్టిని చూడగానే పెళ్ళికూతుళ్ళు చుట్టుముట్టారు. ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావు సెట్టీ, మా చేతులు బోసిగా ఉంటే నీ కళ్ళు చల్లబడతాయా అని ఒకతె ఎకసెక్కమాడింది. చెంగల అనే పిల్ల చేయి చాచింది. అంశుధరుడు ఆ చేతికి ఆకుపచ్చ గాజులు తొడుగుతూ ఆమె వెనక ఊట వైపు చూశాడు. తొడంత లావున ఎర్రగా దుముకుతోంది. దాని కింద అరివేణి కుండలు వరసగా నిండుతున్నాయి.

అంతలో ఎవరో ఓబులమ్మను గుర్తు పట్టారు. మేళం ఆగింది. గ్రామపెద్ద బసివయ్య, గుండ్రాయిలాంటి మనిషి, జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ఎగువకట్టోళ్ళకు నిప్పూ నీళ్ళూ ఇవ్వొద్దని రాజుగారి దండోరా. నువ్వు ఏకంగా పెళ్ళిపందిట్లోకే వచ్చావు. గుండెలు తీసిన మనిషివే."

"నీళ్ళడగడానికి రాలేదు అయ్యా. నీళ్ళు తెచ్చాను," అంది ఓబులమ్మ.

ఒక రాయి వచ్చి ఆమె భుజానికి తగిలింది. ఆమె తూలింది కానీ కుండ దించలేదు. అంశుధరుడి చేయి కత్తి వైపు పోయింది. వద్దని ఆమె కళ్ళతోనే చెప్పింది. తర్వాత నేల మీద కూర్చుని, తన కూతురి కుండ ఒడిలో పెట్టుకుని, తెల్లబట్ట ఒకటి ఇమ్మని అడిగింది. ఎవరూ కదల్లేదు. ఎవరిస్తారు?

చెంగల ముందుకొచ్చింది. "నా మధుపర్కం తీసుకో అవ్వా."

తల్లి అరుస్తున్నా వినకుండా ఆ పిల్ల ఎర్రంచు తెల్లబట్టను ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస ఓబులమ్మకు ఇచ్చింది. అంశుధరుడు అప్పుడే ఊట కింద నిండిన చెంగల కుండను ఎత్తి ఆ బట్టలో పోశాడు. నీరు జారిపోయింది. మధుపర్కం మీద ఎర్రమన్ను, అందులో నల్లని ఊక. ఓబులమ్మ తన కుండ కూడా వంచింది. నెలనాళ్ళుగా చుక్క ఒలకనివ్వని నీళ్ళు జారిపోయి, అదే మన్ను, అదే ఊక మొదటి దాని పక్కన నిలిచాయి.

"కుంకుమలో ఊకెందుకు ఉంటుంది అయ్యా," అంది ఆమె. "మేమూ అడగలేదు. మా పిల్ల కూడా ఇట్లాగే నింపుకుంది."

బసివయ్య వంగి ఊకను వేళ్ళతో తీశాడు. అతని తాత ఆ కట్ట తొక్కిన వాళ్ళలో ఒకడు. అతను తలెత్తి కట్ట మీది స్వామి కుటీరం వైపు చూశాడు. అందరూ చూశారు. కుటీరం తలుపు తెరిచి ఉంది, లోపల స్వామి లేడు.

తర్వాత క్షణాలు పరుగుల్లో గడిచాయి. ఊరికి మూడు వీధులు. ఒక్కో వీధి ఖాళీ కాగానే ఎదుటి గుట్ట మీంచి డప్పు మీద ఒక్కో దెబ్బ కొట్టాలని అంశుధరుడు మేళగాళ్ళకు చెప్పాడు. ముసలివాళ్ళను పెళ్ళిపల్లకీల్లో ఎక్కించారు. బసివయ్య మాత్రం తన పొలం గట్టు మీద నిలబడిపోయాడు.

"ప్రాణం మిగిలితే ఏం చేసుకోను? ఈ గట్టు పోయాక నేనెవర్ని?"

"నేనెవర్నో ఇందాక నువ్వే చెప్పావుగా, ఎగువకట్టదాన్ని," అంది ఓబులమ్మ, అతని చేయి పట్టుకుని లాగుతూ. "రా. గుట్ట మీద నా పక్కన కూర్చుందువుగాని."

అప్పటికే అంశుధరుడు కుటీరంలో ఉన్నాడు. జింకచర్మం ఎత్తి చూస్తే కింద మనిషి పట్టేంత బొరియ. కత్తి నోట కరిచి జారాడు.

లోపల మట్టి ఊపిరి తీస్తున్నట్టు చల్లగా, తడిగా ఉంది. గోడల నిండా గోళ్ళ గీట్లు. బొరియ దిగేకొద్దీ వెడల్పయింది. చివర నీలికాంతి. ఆ వెలుగులో ఒక పందికొక్కు కనిపించింది. దున్నపోతంత ఒళ్ళు, కొడవళ్ళంత పళ్ళు, రాత్రిలా నల్లని వెంట్రుకలు. అది పునాదిరాళ్ళ మధ్య మట్టిని చీల్చి వెనక్కి విసురుతోంది. దాని పక్కన పొగలా లేచే జుట్టుతో ధూమ్రకేశుడు, చేతిలో అప్పుడే పెకలించిన రెండో జలమణి.

"రా సెట్టీ," అన్నాడు మాంత్రికుడు తిరిగి చూడకుండానే. "చెంగల చేతికి గాజులు తొడుగుతుంటే పైనుంచి చూశాను. నీ అరచేతుల నిండా కత్తి కాయలు. ఇంకో వేషం చూసుకోవలసింది."

అంశుధరుడు దూకాడు. కత్తి మాంత్రికుడి మెడను దాటింది, కానీ తెగింది పొగే. ఆ పొగ బొరియ పైకి సాగుతూ, మీ నాన్నగారికి రాజకట్ట మీద ఒక స్వామి కొత్తగా పరిచయమయ్యాడు, పోయి పలకరిస్తాను అని నవ్వి మాయమైంది. నీలికాంతి దానితో పోయింది.

చీకట్లో పందికొక్కు అంశుధరుడి మీద పడింది. పళ్ళు అతని భుజాన్ని చీల్చాయి. కత్తి దాని డొక్కలో దిగింది. అది గింజుకుంటూ వెనక్కి తన్నిన తన్నుకు, మణి కూర్చున్న రాయి దొర్లింది. రాయి వెనక చెరువు ఉంది.

నీరు ఉరిమింది. అయితే ముందుకు రాలేదు. పందికొక్కు వెనకభాగం ఆ సందులోకి కూరుకుపోయి బిరడాలా బిగుసుకుంది. దాని పక్కల నుంచి సన్నని ధారలు బాణాల్లా కొడుతున్నాయి. అంశుధరుడు దాని మెడ మీద ఎత్తిన కత్తిని దించేశాడు. ఇది చచ్చినా పరవాలేదు, బతికినా పరవాలేదు. ఇక్కణ్ణుంచి కదలకూడదు.

వీపు దాని రొమ్ముకు ఆనించి, కాళ్ళు ఎదుటి పునాదిరాయికి తన్నిపెట్టి నిలబడ్డాడు. వెనక చెరువంత బరువు. భుజం నుంచి నెత్తురు, డొక్కలో నుంచి ఊపిరి రెండూ జారిపోతున్నాయి.

దూరంగా డప్పు మీద ఒక దెబ్బ పడింది.

నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. పందికొక్కు ఒకసారి వణికి ఊపిరి వదిలేసింది. దాని బరువంతా ఇప్పుడు అతని మీదే. కాలికింద తాత పేర్చిన రాయి, చుట్టూ తాత తొక్కించిన మన్ను. చిన్నప్పుడు ఆ బురదలో తొక్కుతూ అలసిపోయి ఏడిస్తే, ఇంకో నాలుగడుగులు అని తాత చెప్పిన గొంతు గుర్తొచ్చింది.

రెండో దెబ్బ.

నీళ్ళు రొమ్ములకు వచ్చాయి. మూడో వీధి కట్ట కిందిది, పెళ్ళిపందిళ్ళు ఉన్న వీధి. దెబ్బ పడలేదు. అతను దిగి వచ్చిన బొరియ పైభాగంలో మట్టి పెళ్ళలు రాలి దారి మూసుకుపోయింది. దెబ్బ పడలేదు. మోకాళ్ళు వంగిపోతుంటే పళ్ళు బిగించి మళ్ళీ నిటారు చేశాడు. నీళ్ళు గడ్డానికి తగిలాయి. మట్టి రుచి, ఊక రుచి.

అప్పుడు మూడో దెబ్బ వినిపించింది. ఆ డప్పు వెనక మనుషుల కేకలు ఉన్నాయి, పసిపిల్లల ఏడుపులు ఉన్నాయి. అవన్నీ పైనుంచి, చాలా ఎత్తు నుంచి వస్తున్నాయి.

ఇంక ఈ కట్టను ఎవరూ నిలబెట్టలేరు. గోరింటపాడు ఇళ్ళు, గట్లు, పందిళ్ళు ఇంకాసేపట్లో ఇసుక కిందికి పోతాయి. కానీ ఈసారి ఆ ఇసుకలో మనుషులు ఉండరు. దిగువన రాజకట్ట ఉంది. దాని మీద ఒక కొత్త స్వామి, దాని కింద ఒక నగరం, ఆ నగరంలో దండోరా వేయించిన తండ్రి ఉన్నారు. రాజకట్ట తెగకముందే వాళ్ళ దగ్గరకు చేరాలంటే నీటితోనే పోవాలి.

అంశుధరుడు మిగిలిన బెత్తెడు సందులోకి ముఖమెత్తి గుండెల నిండా గాలి పీల్చుకుని, రాయికి తన్నిపెట్టిన కాళ్ళు రెండూ తీసేశాడు.